డాక్టరమ్మకు చూపులు

2023 వేసవి. చెన్నై మైలాపూరులో ఒక షాపింగ్ కాంప్లెక్స్ రెండో అంతస్తులో నేనూ నా స్నేహితురాలూ కొత్తగా కౌన్సెలింగ్ సెంటర్ తెరిచాం. ఇద్దరం సైకాలజిస్టులమే. కింద స్టీలు పాత్రల కొట్టు, పక్కన జాకెట్లు కుట్టే టైలరు. బోర్డు మీద ఇంగ్లీషులో ఒక వరస, తమిళంలో ఒక వరస రాయించాం: కాంప్లెక్స్ ట్రామాకు చికిత్స చేయబడును. ట్రామా అంటే మనసుకు తగిలిన గాయం. కాపాడాల్సినవాళ్ల చేతుల్లోనే చిన్నప్పటి నుంచి ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ తగిలితే దాన్ని కాంప్లెక్స్ ట్రామా అంటాం.

ఇంతవరకూ బాగానే ఉంది. అయితే తమిళంలో ‘ట’కీ ‘డ’కీ ఒకటే అక్షరం. ట్రామా అని మేం రాయిస్తే డ్రామా అని జనం చదివారు. పైగా ఉన్నది కాంప్లెక్స్‌లోనే కదా! మొదటి రోజుల్లో మా మెట్లెక్కినవాళ్లలో చాలామంది పిల్లల్ని నాటకాల్లో చేర్చడానికి వచ్చినవాళ్లే. ఒకాయన స్కూలు వార్షికోత్సవానికి కిరీటాలు అద్దెకిస్తారా అని అడిగాడు. లేవంటే, “మరి బోర్డెందుకు పెట్టారు?” అని నన్నే కసిరి దిగిపోయాడు. అంత చదువు చదివి కిరీటాలు లేనందుకు తిట్లు తిన్నాను.

ఆ రోజుల్లోనే రాజ్యమ్మగారు మేనకోడల్ని వెంటబెట్టుకుని వచ్చారు. మేనకోడలిని ప్రమీల అందాం. పేర్లు మార్చాను, రాసుకోమని అనుమతి మాత్రం ఆమే ఇచ్చింది. తిరువొత్తియూరులో స్కూలు టీచరు, ముప్పై దాటిన మనిషి. తల్లి పోయాక ఆమెను పినతల్లి పెంచింది. ఎలా పెంచిందో ఇక్కడ రాయను. ఇప్పుడు సౌకార్‌పేటలో ఈ మేనత్త ఇంట్లో ఉంటోంది.

రాజ్యమ్మగారు గుమ్మంలోనే ఆగి బోర్డు వైపు వేలు చూపించారు.

“ఏమ్మా, ఈడ డ్రామా నేర్పిస్తారా? దీని డ్రామా ఆపించేదానికి గదా మేము వచ్చింది! ఇంకా నేర్పిస్తే ఎట్ల?”

నాకు నవ్వొచ్చింది. ప్రమీల ముఖం చూసి ఆపుకున్నాను. ఆమె అప్పటికే మెట్ల వైపు తిరిగింది. చిన్నప్పుడు ఏడ్చిన ప్రతిసారీ పినతల్లి ఇంట్లో ఆమె విన్నది ఆ మాటేనట, డ్రామాలాడకు అని.

“అది ట్రామా అండీ. ‘ట’. గాయం అని అర్థం,” అన్నాను, బడిలో అక్షరాలు దిద్దించినట్టు.

ప్రమీల ఆగింది. “అంటే మీరు డ్రామా అనరా?”

“అనను.”

లోపలికొచ్చి తలుపు దగ్గరి కుర్చీలో కూర్చుంది. ఇదే ఆఖరి ప్రయత్నమని, ఇక్కడ కుదరకపోతే ఇంకెవరి గుమ్మమూ ఎక్కనని ముందే చెప్పేసింది.

కారణం లేకపోలేదు. అంతకుముందు ముగ్గుర్ని చూసింది. ఒకాయన మూడు సిట్టింగుల్లో గతమంతా తుడిచేస్తానని గ్యారంటీ ఇచ్చాడు. గ్యారంటీ ఇవ్వడానికి మనసేమన్నా మిక్సీనా? ఇంకొకావిడ మొదటి రోజే జరిగిందంతా పూస గుచ్చినట్టు చెప్పించి, టైమైపోయిందని లేచింది. ఆ తర్వాత చాలా రోజులు ప్రమీలకు అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు. మూడో ఆయన ‘నన్ను నాన్న అనుకో’ అంటూ చెయ్యి పట్టుకుని వదల్లేదు. వింటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరి లక్షణం కనిపించినా లేచి వచ్చేయాలని ఇప్పుడు అందరికీ చెబుతుంటాను.

మేనత్త ఉండాలా, బయట కూర్చోవాలా అని ప్రమీలనే అడిగాను. ఉండనీ అంది. అంతే, పెళ్లిచూపుల్లాగా నాకు చూపులు మొదలయ్యాయి.

“మీది ఏ ఊరు డాక్టరమ్మా?”

“నేను డాక్టర్ని కాదండీ, సైకాలజిస్టుని. మందులు రాయను. మాది నెల్లూరు.”

“నెల్లూర్లో యాడ? మా చిన్నాయన కూతుర్ని ఆడే ఇచ్చినాం. ఆమెని తెలుసునా? పోనీలే. మీ ఆయన ఏం చేస్తాడు? పిల్లలెంతమంది?” తర్వాత మేనకోడలి వైపు తిరిగి, “మన తెలుగు మనిషి, పాపా. మన బాసలో చెప్పుకుంటేనే మనసు తేలికైతుంది,” అన్నారు.

ఆ మాటకు నేనూ ఉబ్బిపోయాను. చెన్నైలో ఈ పనికి తెలుగు వచ్చినవాళ్లు తక్కువ మరి.

ప్రమీల ప్రశ్నలు వేరు. ఏం చదివారు, రిజిస్ట్రేషన్ ఉందా, ట్రామా పనిలో విడిగా శిక్షణ తీసుకున్నారా, మీకు తోచనప్పుడు ఎవరిని అడుగుతారు అంది. ఆఖరిదాన్ని మేం సూపర్‌విజన్ అంటాం, మా కేసుల్ని పేర్లు చెప్పకుండా పెద్దవాళ్లతో చర్చించి సరిచూసుకోవడం. అన్నిటికీ జవాబిచ్చాను.

“నేను చెప్పేది మా అత్తకు చెప్తారా?”

“చెప్పను. మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉంటే తప్ప.”

రాజ్యమ్మగారి ముఖం వాడిపోయింది. “నాకు కూడానా?”

తర్వాత నాకిష్టమైన ఉపన్యాసం అందుకున్నాను. మొదటి మెట్టును స్టెబిలైజేషన్ అంటామని, అంటే ముందు నిద్ర, తిండి, ఊపిరి కుదుటపడాలని, పాత సంగతుల జోలికి ఆ తర్వాతే, అదీ మీరు సరేనంటేనే…

“ఆపండి,” అంది ప్రమీల.

నేను టక్కున నోరు మూశాను. మా ఇంట్లో నా ఉపన్యాసం మొదలైతే లేచిపోతారే కానీ నన్ను ఆపినవాళ్లు లేరు.

“అయ్యో, ఏమాయె? డాక్టరమ్మకి మాట పడిపోయిందే!” రాజ్యమ్మగారు హడలిపోయి నీళ్ల సీసా తీశారు.

“సరే, చెప్పండి,” అంది ప్రమీల. మొదలుపెట్టాను. మళ్లీ “ఆపండి.” మళ్లీ ఆగాను. మూడోసారి ఆపినప్పుడు ఆమె పెదవి చివర చిన్న నవ్వు కనబడింది. పరీక్షలో పాసయ్యానని నాకు లోపల ఒకటే సంబరం.

మరో రెండుసార్లు వచ్చింది. అందులో రెండోసారి కూర్చోగానే చెప్పేసింది.

“మేడం, మీరు వద్దు.”

రాజ్యమ్మగారు నోరు నొక్కుకున్నారు. “ఏం మాటే అది! ఇంత మంచామెని!”

“మీ తప్పేం లేదు మేడం. మా ఇంట్లో జరిగిందంతా తెలుగులోనే జరిగింది. మీరు రామ్మా, కూర్చో అన్నా నాకు మా పిన్నే పిలిచినట్టుంటుంది. తమిళంలో నన్నెవురూ ఏమీ అనలేదు.”

నేను ఊరుకోవచ్చు కదా! నాకు తమిళమూ వచ్చని తమిళంలోనే చెప్పాను.

ప్రమీల మొహమాటపడుతూ అంది: “మీ తమిళం కూడా తెలుగు మాదిరే ఉంది మేడం.”

చివుక్కుమంది. పుట్టిన దగ్గర నుంచి మాట్లాడుతున్న భాషే నాకు అడ్డొచ్చిందంటే ఎవరికి చెప్పుకోను? అది నా ముఖంలో కనబడి ఉండాలి. ప్రమీల భుజాలు ముడుచుకున్నాయి. వేళ్లు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాయి. దెబ్బ పడుతుందని ఎదురుచూసే పిల్లలు అలాగే కూర్చుంటారు.

“కోపం వచ్చిందా మేడం?”

రాలేదని తేలిగ్గా అనొచ్చు. అలాంటి ఇంట్లో పెరిగిన మనిషి ముఖాలు చదవడంలో నాకంటే ఆరితేరి ఉంటుంది. అబద్ధమాడితే అక్కడే దొరికిపోతాను.

“వచ్చింది, కొంచెం. కానీ నా కోపం వల్ల మీకేమీ కాదు. అది నేను చూసుకుంటాను.”

ఆమె నన్ను చాలాసేపు చూసింది. తర్వాత ఏడ్చింది. రాజ్యమ్మగారు దగ్గరికి జరిగి కొంగు అందించారు.

తమిళంలో పనిచేసే ముగ్గురి పేర్లు ఇచ్చాను. వాళ్లనూ ఇలాగే ప్రశ్నలు అడగండి, మధ్యలో ఆపండి, నచ్చకపోతే వద్దనండి అన్నాను. ప్రమీల ముగ్గుర్నీ చూసి, ఇద్దర్ని వద్దని, ఒకామెను ఎంచుకుంది. ఇప్పటికీ ఆమె దగ్గరికే వెళుతోంది. మంచి థెరపిస్టు ఎవరని ఎవరడిగినా నేను డిగ్రీ, శిక్షణ చూడమంటాను, ఆ తర్వాత ఒకసారి ‘వద్దు’ అని చూడండి అంటాను. ఆ మాట విన్నాక కూడా మిమ్మల్ని మర్యాదగా చూసే మనిషి దగ్గరే గాయం విప్పాలి. నాకది ప్రమీల నేర్పింది.

మొన్నామధ్య కింద పాత్రల కొట్టుకు వచ్చిన రాజ్యమ్మగారు పనిగట్టుకుని పైకొచ్చి నాతో పోట్లాడారు.

“అదేం వైద్యం డాక్టరమ్మా? నోరెత్తని పిల్ల ఇప్పుడు అన్నిటికీ వద్దు వద్దు అంటా ఉంది. నిన్న నేను వంకాయ కూర చేస్తే, నాకొద్దు అత్తా అని అన్నం తట్ట పక్కకి నెట్టేసింది!”

“మరి మీరేం చేశారు?”

“ఏం చేసేది? రెండు అప్పడాలు కాల్చి, రసం పోసినా,” అన్నారావిడ, ఇందులో అడగడానికేముందన్నట్టు.