గవాచి వైపు పాకిన వేళ్లు

ఓబులేసు ఆ రోజు మిద్దె మీది గవాచిని బండతో మూయబోయి, తన కుడికాలిని అందులోంచి మోకాలి దాకా ఇంట్లోకి దించాడు. కింద సంగటి గెలుకుతున్న భార్య ఆదిలక్ష్మి తలెత్తి చూసి, తెడ్డుతో ఆ కాలిని బాదింది. వెలుతురు కోసం మిద్దెకు విడిచిన కంతలోంచి కాలు దిగుతుంటే, అది మొగుడిదా కాదా అని విచారించే తీరిక ఎవరికుంటుంది?

"నేనేలేవే, కొట్టాకు!"

"ఇంట్లేకి రానికి నీకు వాకిలి లేదా?"

"అది రాకుండా మూస్తాండా!"

ఆదిలక్ష్మి తెడ్డు దించేసింది. 'అది' అంటే ఏమిటో ఆమెకూ తెలుసు.

దొడ్డివైపు గోడ మీద వేళ్ల గుర్తులు పడుతున్నాయి. అరుగులకు పూసే ఎర్రజాజు రంగు. నాలుగే వేళ్లు, బొటనవేలు లేదు. మొదట నడుమెత్తున కనిపించాయి, పోనుపోను భుజమెత్తుకు వచ్చాయి. సున్నం పూసి పడుకుంటే, తెల్లారేసరికి తడి ఆరని గుర్తులు మరికాస్త పైన ఉంటాయి. కుక్క మాత్రం ఒక్కసారైనా మొరగదు. ఓబులేసుకు అన్నిటికన్నా ఆ మొరగకపోవడమే భయం.

ఆ గోడకు ఇవతలి గదిలో వదిన లింగమ్మ మంచాన ఉంది. తల్లి పోయాక అతన్ని సాకిన మనిషి, అన్న పోయినా ఇల్లు నిలబెట్టిన మనిషి. రొమ్ములో రాచపుండని ఆ ఏడు నంద్యాలలో రైలెక్కించి మద్రాసు తీసుకుపోతే, అక్కడ కోసి, కరెంటు పెట్టి పంపారు. ఆళ్లగడ్డలో బస్సు దిగింది మొదలు ఆమెను నేల మీద కాలు పెట్టనివ్వలేదు. కుట్లు పిగులుతాయని చేతిని ఒంటికి కట్టారు. బాలింతకు పెట్టినట్టు నెయ్యి, కొబ్బరిబెల్లం పెట్టారు. ఆమెకు చక్కెర జబ్బు కూడా ఉందన్న మాటను ఓబులేసు రైల్లోనే మరిచి వచ్చాడు. ఇంత చేస్తున్నా వదిన ఒళ్లు ఉబ్బుతోంది, మొహం వాడుతోంది. ఆ వేళ్లు గవాచిలోంచి దిగిన రోజే వదిన ఆఖరి రోజని అతనికి నమ్మకం కుదిరింది.

మర్నాడు తొలికోడి కూశాక దొడ్లో గడ్డివామి చాటున కూర్చున్నాడు. మంచులోంచి తెల్లటి ఆకారం వచ్చి, మొహం గోడకు ఆనించి నిలబడింది. చెయ్యొకటి బల్లిలా గోడను పాకసాగింది. ఒక వేలు, దాని మీదికి ఇంకో వేలు. పైకి పోయేకొద్దీ ఆకారం సన్నగా మూలిగింది. కుక్క పోయి దాని కాళ్ల దగ్గర తోక ఊపింది. ఓబులేసుకు అహోబిలం నరసింహస్వామి పేరు కూడా నోటికి రాలేదు. దగ్గు మాత్రం వచ్చింది.

"ఏందబ్బీ ఓబులేసూ, వామిలో దగ్గుతాండావ్?" అంది ఆకారం.

"వదినా! మంచం మీద పండుకోనుండేదెవురు మరి?"

"దిండ్లు."

అతను దగ్గరికి పోవడానికి కొంతసేపు పట్టింది.

"మద్రాసు డాక్టరమ్మ దినామూ ఇట్ల వేళ్లు గోడకెక్కీమనింది. లేకుంటే చెయ్యి కట్టె అయిపోతాదంట. నడవకుంటే చక్కెర ముదురుతాదంట. మీరేమో కట్టేసి బెల్లం తినిపిస్తాండారు!"

"జాజు ఎందుకు?"

"నిన్న యాడికి ఎక్కిందో తెలీద్దా?"

"మాతో చెప్పొచ్చు గదా!"

"చెప్తి. జరంలో ఏందేందో అంటాందని ఇంకో బెల్లం ఉండ నోట్లో పెడితిరి."

ఓబులేసు ఆ చేతిని చూశాడు. తనకు సంగటి ముద్దలు పెట్టిన చెయ్యి, తల దాకా లేవలేక భుజమెత్తునే ఆగిపోయింది. ఆ పూటే కొబ్బరిబెల్లం అటక ఎక్కింది, గవాచి మీది బండ దిగింది.

అప్పటి నుంచి లింగమ్మ పొద్దు పొడవకముందే తెల్లకోకలో రుద్రవరం దారిన నడిచేది. ఎదురొచ్చిన బండ్లవాళ్లు కళ్లు మూసుకుని ఎద్దులకే దారి వదిలేసేవారు. పాపం, భయపడుతున్నారని ఆమె పేరు పెట్టి పిలిచి పలకరించేది. దాంతో ఎద్దులూ పరుగెత్తేవి. చేతి వాపు తీసింది. మొహానికి కళ వచ్చింది. గోడ మీది గుర్తులు మాత్రం తలను దాటి పైకి పోతూనే ఉన్నాయి.

ఉగాది దగ్గర పడ్డాక ఆదిలక్ష్మి ఆగలేకపోయింది. "అక్కా, చూసినోళ్లు జడుసుకుంటాండారు, గోడంతా ఖరాబు చేసినావు, సున్నం ఎప్పుడు కొట్టాల మేము?"

లింగమ్మ మునివేళ్ల మీద లేచి, మొహం గోడవైపే ఉంచి అంది: "మిద్దె అంచు ఇంకా జానెడుందిమే, అందినాక కొట్టుకుందురులే."