క్వశ్చన్ బ్యాంకుల రిపీట్లు తీసిన

మొన్న నేను చేసిన పనికి మా రూమోళ్లు నన్ను ఇంకా హాస్టల్ల ఉండనిస్తున్నరంటే వాళ్లు దేవతలే. జర వినుండ్రి.

ఈ ఆదివారం మాకు గ్రూప్స్ పరీక్ష. అశోక్‌నగర్ల ఒక్క రూంల నలుగురం ఉంటం. నెలల సంది తలా ఇంత టైప్ చేసి, అన్నీ కలిపి ఒక్క పెద్ద క్వశ్చన్ బ్యాంక్ చేసినం. ఏమైందంటే, ఒక్కటే ప్రశ్నను ఇద్దరు ముగ్గురం రాసినం. చదివిందే చదువుడు! అప్పుడు మౌనిక, మా నలుగురిల చిన్నది, బీటెక్ పిల్ల, సొంతంగ రాసిన ఒక టూల్ చూపిచ్చింది. మౌస్ లేదు, బటన్లు లేవు. నల్ల స్క్రీన్ మీద ఒక్క లైన్ కొడితే చాలు, ఫైల్ల రిపీటైన లైన్లన్నీ పట్టి చూపిస్తది. కన్ను మూసి తెరిచేలోపల! ఇంకో ముక్క కలిపి కొడితే రిపీట్లను తీసేస్తది కూడా.

"ముందు ఏమేం వచ్చినయో చూడక్కా. చూసినంకనే తీసెయ్," అని చెప్పి మౌనిక నారాయణగూడల క్లాసుకు పోయింది.

నేను చూస్తనా? తీసేసిన. ఫైల్ సగానికి సగం తగ్గింది. అబ్బ, ఏం టూల్ అని మురిసిపోయి, అందరికీ ప్రింట్లు తీయించిన. స్పైరల్ బైండింగ్ సుత చేయించి, చిక్కడపల్లి లైబ్రరీ కాడ కూసున్న మా వాళ్లకు లడ్డూలు పంచినట్టు పంచిన.

మా రూం రజిత రెండు పేజీలు తిప్పి ఆగింది. "గిదేందే, జవాబులేవి?" అన్నది.

మొదటి పేజీ దాటినంక ఒక్క జవాబు లేదు! "జవాబు: బి" అని ఒకసారి వచ్చినంక మళ్ల వస్తే అది రిపీటే గదా. ఏ, బి, సి, డి ఒక్కొక్కటి ఉంచి మిగతావన్నీ ఊడ్చేసింది. "డి. పైవన్నీ" కూడా గాయబ్. టూల్ తప్పేం లేదు, చెప్పింది చెప్పినట్టు చేసింది. ఆదివారమే పరీక్ష, నలుగురి కష్టం నా చేతుల మీదుగ మట్టిల కలిసింది. నిజంగనే ఏడుపొచ్చింది.

క్లాస్ అయిపోయి మౌనిక వచ్చింది. తిట్టలే. లాప్‌టాప్ తెరిచి ఏదో కొట్టింది, పాత ఫైల్ జవాబులతోని సహా ఎట్లున్నది అట్లనే తెరుచుకున్నది! తీసేసే ముందు టూలే చప్పుడు చేయకుండ ఒక కాపీ దాచిపెడ్తదట. ఆ పిల్లను గట్టిగ పట్టుకున్న.

"ఎంత తెలివే నీకు! గిట్ల దాచిపెట్టాల్నని ముందుగాలనే ఎట్ల తట్టింది?" అని అడిగిన.

"మొదట్ల అది లేకుండె అక్కా. నువ్వు మా రూంల చేరినంక పెట్టిన."