జల్లించిన రంపంపొట్టు

క్లీనరుకి జీతం ఇచ్చే స్తోమత లేక మా ఆయన పక్కన నేనే లారీ ఎక్కాను. అప్పటికే ఆయనకి ఎడమ చెవి దాదాపు పోయింది, కుడిది సగమే పనిచేసేది. పాతికేళ్లు ఇంజను పక్కన కూర్చున్న మనిషికి అది వింతేమీ కాదు. వెనకనుంచి హారను కొడుతున్నా వినపడక రెండుసార్లు పెద్ద ప్రమాదం తప్పింది. రెండోసారి తర్వాత, "నువ్వు కూడా రా. నువ్వు విని చెప్పు, నేను తోలతాను," అన్నారు. తాడేపల్లిగూడెం మిల్లులకి ధాన్యం వెయ్యడం, మళ్లీ చేపల మేత బస్తాలు ఎత్తుకుని కొల్లేటి చెరువులకి దించి రావడం మా పని. బండి మాదే. ఆరు టైర్ల పాత లారీ.

ఏడాది తిరిగేసరికి ఆ బండి చేసే చప్పుళ్లన్నీ నాకు మా ఇంట్లో చప్పుళ్లలాగే తెలిసిపోయాయి. తలుపు కీలు ఏదో, బ్రేకు గాలి ఏదో కళ్లు మూసుకుని చెప్పేదాన్ని. అందుకే గుండుగొలను దాటాక హైవే మీద ఆ ఊళ మొదలైనప్పుడు వెంటనే పట్టుకున్నాను. నలభై స్పీడు దాటగానే వెనక చక్రాల దగ్గరనుంచి సన్నగా, పొడుగ్గా వచ్చేది. యాక్సిలరేటరు తొక్కితే పెరిగేది, కాలు తీస్తే తగ్గేది. ఆయనకి చెప్పాను.

"నాకేం వినపడ్డంలేదే," అన్నారు ఆయన.

వారం ఓపిక పట్టాం. ఊళ పెరుగుతుంటే ఏలూరులో మాకు తెలిసిన మేస్త్రి గారి షెడ్డుకి తీసుకెళ్లాం. అరవై దాటిన మనిషి, లారీల అడుగుభాగం తప్ప ఇంకో పని పట్టుకోడు. ఆయన అడిగే ప్రశ్నలకి మా ఆయన నా మొహం చూడటం గమనించి, తిన్నగా నన్నే అడగడం మొదలుపెట్టాడు.

"బండి నిలబెట్టి రేజ్ చేస్తే వస్తాదాండి?"

"రాదండి."

"స్పీడులో ఉండగా న్యూట్రల్ చేస్తేనండి?"

"తగ్గుతాదండి. పూర్తిగా పోదు."

"బయల్దేరేటప్పుడు?"

"కిందనుంచి టక్కుమని ఒక్క దెబ్బ వినపడతాదండి. అది వేరే చప్పుడు."

"రెండు జబ్బులున్నాయమ్మా మీ బండికి," అని మేస్త్రి గారు బండి కిందకి దూరాడు.

టక్కుమనే దెబ్బ, ఇంజను బలాన్ని వెనక చక్రాలకి మోసుకెళ్లే పొడుగాటి షాఫ్టు అతుకు దగ్గర అరిగిపోయిన ముక్కది. అది మధ్యాహ్నానికల్లా మార్చేశాడు. రెండోది అంత తేలిగ్గా పోలేదు. వెనక ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉబ్బినట్టుండే హౌసింగ్ ఉంటుంది. దాని అడుగు బోల్టు విప్పి నూనె కొంచెం అరచేతిలో పట్టుకుని ఎండలోకి వచ్చాడు. నల్లటి నూనెలో జరీ పొడి కలిపినట్టు తళుకులు.

"ఇనుము అరిగి ఇలా వస్తందండి. లోపల క్రౌను అని పెద్ద పళ్ల చక్రం, దాన్ని తిప్పడానికి పినియన్ అని చిన్నది. రెండూ పోయాయి. కొత్తవి మీవల్ల కాదు గానీ, పాత సామాన్ల దగ్గర హౌసింగ్‌తో సహా మొత్తం తెచ్చుకోండి. జత ఒక్కటే విడిగా తేకండి."

మేం జత ఒక్కటే తెచ్చాం. మొత్తం కొనాలంటే అంతకి రెండింతలు అడిగారు. మేస్త్రి గారు ఏమీ అనకుండా మూడు రోజులు దాంతో కుస్తీ పట్టాడు. పలచటి రేకు వాషర్లు ఒకటి వేసి, ఒకటి తీసి, చక్రాలు జాకీ మీద లేపి తిప్పి, పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొస హౌసింగ్‌కి ఆనించి రెండో కొస నన్ను చెవి దగ్గర పెట్టుకోమనేవాడు. ఊళ చావలేదు. పైగా ఇప్పుడు యాక్సిలరేటరు మీద కాలు తీసినా వస్తోంది.

"వేరే ఇంట్లో కాపరం చేసిన జతండి ఇది. ఈ ఇంట్లో సర్దుకోదు," అన్నాడు చివరికి.

అప్పటికే ఫైనాన్స్ వాళ్లు రెండుసార్లు ఇంటికొచ్చి వెళ్లారు. బండి అమ్మేద్దామన్నారు మా ఆయన. ఊళ వేసే బండిని ఎవరు కొంటారు? లారీ స్టాండులో ఎవరో చెప్పారట, చిక్కటి నూనెలో రంపంపొట్టు కలిపి హౌసింగ్‌లో పోస్తే కొన్నాళ్లు చప్పుడు చెయ్యదని. ఆ పని మేస్త్రి గారినే చేసి పెట్టమని అడిగారు.

మేస్త్రి గారు చేతులు తుడుచుకుంటూ తల అడ్డంగా ఊపాడు. "నేను చెయ్యనండి. పొట్టు నూనెనంతా తాగేస్తాది. బేరింగు ఎండిపోయిందంటే నడుస్తున్న బండికి వెనక చక్రాలు పట్టేస్తాయి. మనుషులు పోతారండి."

పక్క షెడ్డులో రేకు కొడుతున్నారు. మా ఆయనకి ఒక్క ముక్క అందలేదు. "ఏమంటున్నాడు?" అని నన్ను అడిగారు.

"చెయ్యనంటున్నారు," అన్నాను.

అంతే చెప్పాను. చక్రాలు పట్టేస్తాయన్న మాట నా నోట్లోనే ఉండిపోయింది. ఎందుకు చెప్పలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. చెబితే ఆయన ఆగిపోతారని నాకు తెలుసు. ఆగిపోతే ఏం తింటామన్నది నాకు తెలియలేదు.

వడ్రంగి దుకాణం నుంచి గోనెసంచిలో పొట్టు తెచ్చారు. చెక్క పేళ్లుంటే పళ్ల మధ్య పడి కరకరలాడుతుందని, నేనే పెరట్లో కూర్చుని బియ్యప్పిండి జల్లెడతో రెండుసార్లు జల్లించాను. మెత్తగా, సున్నిపిండిలా వచ్చింది. ఆయన నూనెలో కలిపి పోశారు. మర్నాడు భీమడోలు దాకా వెళ్లొచ్చాం. అరవైలో కూడా వెనకనుంచి చడీచప్పుడూ లేదు. అన్నాళ్లూ విన్న ఊళ కన్నా ఆ నిశ్శబ్దానికే నాకు ఎక్కువ భయమేసింది.

కొల్లేటికోట నుంచి ఒకతను బావమరిదిని వెంటబెట్టుకుని వచ్చాడు. చేపల చెరువుల మీద కాపలా పని చేసి కూడబెట్టుకున్న మనిషి. బావమరిదికి డ్రైవింగ్ వచ్చు, సొంతంగా చేపలు తోలుకుందామని ఆశ. మా ఆయనా బావమరిదీ బండి తోలి చూడ్డానికి వెళ్తే, అతను అరుగు మీద కూర్చున్నాడు. మంచినీళ్లు ఇచ్చాను.

"అమ్మా, బండిలో మీరే తిరుగుతారంటండి కదా. మొగోళ్లం అమ్ముకోడానికి ఏదైనా చెప్తాం. మీరు చెప్పండి. ఏవన్నా చప్పుడొస్తాదాండి?"

"పాత బండి కదండీ. మామూలు చప్పుడేనండి," అన్నాను.

అతను నమ్మాడు. సాయంత్రానికి బండి వెళ్లిపోయింది.

నెల తిరగలేదు. మేస్త్రి గారు ఫోను చేసి ఇద్దర్నీ షెడ్డుకి రమ్మన్నాడు. కొల్లేరు గట్టు మీద చేపల లోడుతో వెళ్తూ వెనక చక్రాలు ఒక్కసారి పట్టేశాయట. లారీ అడ్డం తిరిగి చెరువు వాలులోకి ఒరిగింది. తోలుతున్న బావమరిది కాలు తలుపు కింద నలిగింది. ఏలూరు ఆస్పత్రిలో మోకాలి కిందకి తీసేశారు.

బండిని బాగుకి ఆయన షెడ్డుకే లాక్కొచ్చారు. మేస్త్రి గారు హౌసింగ్ విప్పి, లోపల దొరికింది ఒక బొచ్చెలో పెట్టి ఉంచాడు. కాలిన అట్లపిండిలా నల్లటి ముద్ద. "బండి కొన్నతను ఇంకా నన్ను అడగలేదండి, ఎందుకిలా అయ్యిందని. అడిగితే చెప్తాను. మొదటే చెప్పాను కదండీ చక్రాలు పట్టేస్తాయని," అన్నాడు, ఈసారి మా ఆయన కుడి చెవి దగ్గరకి వంగి.

మా ఆయన నా వైపు తిరిగారు. "ముందే చెప్పాడా?"

"చెప్పారు."

"నాకు చెప్పలేదేం?"

రెండు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్నే చొక్కా వేసుకుని, "పద, వాళ్లింటికి," అన్నారు.

కొల్లేటికోటలో వాళ్ల ఇంటి ముందు వలలు ఆరేసి ఉన్నాయి. బావమరిది లోపల మంచం మీద ఉన్నాడు. అతని భార్య కుర్చీలు వేసింది, పలకరించడానికి వచ్చామనుకుని. గుమ్మం దగ్గరే నిలబడి నేనే చెప్పాను. పొట్టు సంగతి, జల్లించిన సంగతి, మేస్త్రి గారి మాట దాచిన సంగతి, అరుగు మీద ఆడిన అబద్ధం. ఆ అమ్మాయి లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

బండి కొన్నతను గుమ్మం దగ్గరకి వచ్చాడు. "ఆ రోజే చెప్పుంటే ఇంకో బండి చూసుకునేవోణ్ణండి. ఇప్పుడు చెప్తే కాలొస్తాదాండి?"

"రాదండి," అన్నారు మా ఆయన. "బండి నేను బాగు చేయించి ఇస్తాను. ఈ సీజనంతా నేనే తోలతాను. జీతం వద్దు."

"చెవులు వినపడవంట కదండీ మీకు."

"మా ఆవిడ పక్కనుంటాదండి."

అతను నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "మీ మీద నమ్మకం ఉండి కాదండి. నాకు డ్రైవరు లేడు, చెరువులో చేపలు ఆగవు. అందుకు రండి," అన్నాడు.

బండి అమ్మిన డబ్బులో అప్పులకి పోగా మిగిలింది ఒక హౌసింగ్‌కి సరిపోయింది. ఎక్కడో దెబ్బతిన్న లారీది, లోపలి జతతో సహా మొత్తం. మేస్త్రి గారు కూలి తీసుకోలేదు, మాతో ఎక్కువ మాట్లాడనూ లేదు. ఈసారి ఊళ లేదు.

సీజను అయ్యేదాకా తోలాం. రోజూ తెల్లారగానే ట్రేలలో ఐసు, చేపలు ఎక్కించేవారు. లెక్క రాసుకోడానికి బావమరిదిని ఎవరో ఎత్తుకొచ్చి గట్టు మీద కుర్చీలో కూర్చోబెట్టేవారు. ట్రేలు లెక్కపెట్టేవాడు, చీటీ మా ఆయన చేతికి ఇచ్చేవాడు. అన్ని నెలల్లో మాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఒకసారి నేను అన్నం క్యారియరు తెచ్చి పక్కన పెడితే, ముట్టుకోకుండా అక్కడే ఉంచేశాడు. సాయంత్రానికి చీమలు పట్టాయి.

సీజను అయిపోయాక వాళ్లకి వేరే డ్రైవరు దొరికాడు. మా ఆయన తాళాలు ఇచ్చేశారు. ఇప్పుడు ఆయన తాడేపల్లిగూడెంలో ఒక మిల్లు గేటు దగ్గర కాపలా ఉంటున్నారు. నేను ఇళ్లలో పని చేస్తున్నాను.

మొన్న ఏలూరు బస్టాండులో ఆ బావమరిదిని చూశాను. కొయ్యకాలు వేయించుకున్నాడు, చంకలో కర్ర. భార్య సంచీ మోస్తోంది. అతను నన్ను గుర్తుపట్టాడు. నేను లేచి నిలబడ్డాను. కైకలూరు బస్సు వచ్చింది. ఆ అమ్మాయి ముందు ఎక్కి చెయ్యి అందించింది. అతను కమ్మీ పట్టుకుని, మెట్టు మీద కొయ్యకాలు మోపి, రెండు ప్రయత్నాల్లో ఎక్కాడు. బస్సు కదిలేదాకా నా వైపు తిరగకుండా, అవతలి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.