తాళం లేని డిస్కు

నంద్యాల బస్టాండు వెనక సందులో నాకు వీడియో షాపు ఉండేది. పెళ్లిళ్లు తీసేవాడిని, డీవీడీ ప్లేయర్లు రిపేరు చేసేవాడిని. అయితే ఊళ్లో నాకు పేరు తెచ్చిపెట్టింది ఈ రెండూ కాదు, తాళాలు తీయడం. సినిమా కంపెనీలవాళ్లు ప్రపంచాన్ని ముక్కలు కోసి ఒక్కో ముక్కకు ఒక్కో నంబరు ఇచ్చారు. మన దేశానికి ఐదు, గల్ఫు దేశాలకు రెండు. కువైట్ నుంచి వచ్చినవాళ్లు మురిసిపోతూ తెచ్చుకున్న ప్లేయరు మన డిస్కును మింగి, కాసేపు తిప్పి, బయటికి కక్కేది. నేను రిమోటు మీద నాలుగంకెలు నొక్కి ఆ నంబరు తాళం తీసేసేవాడిని. పగిడ్యాల నుంచి, గడివేముల నుంచి ప్లేయర్లు చంకన పెట్టుకుని వచ్చేవాళ్లు. "అన్నా, దీని రోగం కుదుర్చు" అనేవాళ్లు. నాకు పొగరు నెత్తికెక్కింది. ఎక్కక ఏం చేస్తుంది?

అప్పుడే బొమ్మ అద్దంలా కనిపించే కొత్త డిస్కులు రెండు రకాలు దిగాయి. ఒకటి బ్లూరే, రెండోది హెచ్‌డీ డీవీడీ. చూస్తే కవల పిల్లలే, కానీ ఒకదాని మిషన్లో రెండోది ఆడదు. ఏది నిలుస్తుందో, ఏది పోతుందో ఎవరికీ తెలియదు. బ్లూరేకు మళ్లీ దేశాల తాళాలు పెట్టారనీ, రెండోదానికి ఆ బాధ లేదనీ బెంగళూరులో నేను సామాను తెచ్చుకునే డీలరు చెప్పాడు. నాకింకేం కావాలి? తాళం లేనిదే గెలుస్తుందని అక్కడికక్కడే తేల్చేశాను. "కొంచెం ఆగి చూడండి సార్" అన్నాడతను. ఆగడం మా వంశంలోనే లేదు.

ఆ ఏడే ఆళ్లగడ్డలో మా అక్క పెళ్లి. నేనే తీశాను. బావది శిరివెళ్ల పక్కన పల్లె. సొంత ట్రాక్టరు, సొంత సేద్యం, మాటలు మాత్రం బహు పొదుపు. పెళ్లయ్యాక వాళ్ల ఇంటి గడప దగ్గర బావ చెల్లెలు చేతులు రెండూ చాపి అడ్డం నిలబడింది. "పేరు చెప్తేనే లోపలికి ఇడ్చేది" అంది. అక్క గొణిగినట్టు బావ పేరు చెప్పింది. బావ చెవుల దాకా ఎర్రబడి, చెప్పులు అటూ ఇటూ జరిపి, చివరికి గట్టిగా అక్క పేరు పలికాడు. అందరూ ఘొల్లుమన్నారు. ఆయన అక్కను పేరు పెట్టి పిలవడం అదే మొదలు, అదే చివర. తర్వాత పదహారేళ్ల సంసారమంతా "ఇదో", "యాడుండావ్" తోనే నడిచిపోయింది.

ఆ పెళ్లిని బెంగళూరులో హెచ్‌డీ డిస్కు మీదికి ఎక్కించాను. మామూలు డీవీడీ కూడా ఒకటి చేయించుకోమని డీలరు అన్నాడు. మా అక్కకు మామూలుదా అని కసురుకున్నాను. డిస్కుతోపాటు దాన్ని ఆడించే ప్లేయరు కూడా చదివించాను. ఇక పెళ్లి తీసిన కెమెరా టేపు సంగతి. డిస్కు చేతికి రాగానే ఆ టేపు మీద ఇంకో పెళ్లి తీసేయడం మా వాళ్లందరి పద్ధతి. నేనూ అదే చేశాను. అక్క పెళ్లి మీద శిరివెళ్లలో ఎవరిదో పెళ్లి పడింది.

ఇంకో ఘనకార్యం కూడా చేశాను. కొత్త వస్తువుకు బొట్టు పెట్టకుండా ఇవ్వకూడదు కదా. డిస్కుకు పైవైపు అక్కాబావల ఫోటో అచ్చువేయించాను. వాళ్ల మొహాల మీద పసుపు ఎలా పూస్తాను? తిప్పి, మెరిసే వైపు పసుపు రాసి కుంకుమ పెట్టాను. మెరిసే వైపు వేలు కూడా తగలనీయకండని ఊరంతటికీ చెప్పినవాడిని నేనే. శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టు. అక్క ప్రతి ఆయుధపూజకూ ఆ డిస్కును ట్రాక్టరు తాళంచెవి పక్కన పెట్టి, పాత బొట్టు తుడిచి కొత్త బొట్టు పెట్టేది.

కొన్ని నెలలకే హెచ్‌డీ డీవీడీ చేతులెత్తేసింది. బ్లూరే గెలిచింది. తర్వాత అదీ మన ఊళ్లలో ఎవరికీ పట్టలేదు. అక్క వాళ్ల ప్లేయరు ఒక వానాకాలం కరెంటు హెచ్చుతగ్గులకు కాలిపోయింది. అప్పటికి ఎవరూ పట్టించుకోలేదు, మనిషి ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి.

పోయినేడు బావ గుండెపోటుతో చేలోనే పడిపోయాడు. పెద్దకర్మ అయిన వారానికి అక్క బస్సెక్కి నంద్యాలకు వచ్చింది. ఇప్పుడు నా షాపులో సెల్‌ఫోన్ కవర్లు తప్ప ఏమీ లేవు. వాటి మధ్య డిస్కు పెట్టె పెట్టింది.

"అబ్బీ, ఫోటోలు శానా ఉండాయి. ఆయన నోట నా పేరు ఒక్కతూరి ఇనల్ల. దీంట్ల తప్ప యాడా లేదు" అంది.

"అది నాకిడిచిపెట్టక్కా" అన్నాను. ఎంత ధైర్యంగా అన్నానో తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

బెంగళూరులో ఆ డీలరే గోడౌనులో వెతికి పాత ప్లేయరొకటి బయటికి తీశాడు. అప్పటి నమూనా డిస్కు వేస్తే చక్కగా ఆడింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అక్క డిస్కు వేశాం. తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. తెర మీద "నో డిస్క్" అని పడింది. నాలుగుసార్లు వేసినా అదే. అతను డిస్కును వెలుతురుకు పట్టి చూశాడు. తుడిచి తుడిచి నిండా గీతలు, మధ్యలో పచ్చటి మరక.

"పసుపా సార్?" అని అడిగాడు. నేనే పెట్టానని చెప్పాను. అతను నవ్వలేదు. నవ్వి ఉంటే తిట్టి అయినా కొంచెం బరువు దించుకునేవాడిని.

అక్క వాళ్ల ఊరికి వెళ్లాను. వసారాలో కూర్చుని ఉంది. నా మొహం చూడగానే తెలిసిపోయింది.

"పలకలేదా?"

"లేదక్కా. ఇంక పలకదు."

పక్కన చాప దులిపి నన్ను కూర్చోమంది. తర్వాత నెమ్మదిగా, "ఆ పొద్దు నువ్వు ఆయన ఎదురుగానే నిలబడుంటివి గదబ్బీ. ఎట్ల పిల్చినాడో నువ్వన్నా చెప్పు" అంది.

నాకు గుర్తు లేదు. ఆ రోజు నేను చూసింది లైటు బావ మొహం మీద సరిగా పడిందా లేదా అని మాత్రమే. వినే పని కెమెరా చూసుకుంటుందిలే అనుకున్నాను. ఆ మాట అక్కతో చెప్పడానికి నోరు రాలేదు. తోడబుట్టిన అక్కను పేరు పెట్టి పిలవడం మా ఇళ్లలో లేదు, పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా ఆ పేరు నా నోట రాలేదు. అయినా, బావ గొంతు బొంగురు కాబట్టి నా గొంతు బొంగురు చేసుకుని ఆ పేరు పలికాను. అక్క కళ్లు మూసుకుని విన్నది.

"ఇంకోతూరి" అంది. పలికాను.

కళ్లు తెరిచి తల అడ్డంగా ఊపింది. "ఊరుకోబ్బీ. ఆయన గొంతు అట్లుండదు" అంది.

నా చేతిలోంచి డిస్కు తీసుకుని, మెరిసే వైపు చీర కొంగుతో గట్టిగా తుడిచి పెట్టెలో పెట్టుకుంది. తుడవొద్దని నేను చెప్పలేదు.