పైపుల గోడౌన్‌లో నల్ల చేప

ఈరోజు పొద్దున నంద్యాలలో పంటి డాక్టరు కోసం కూర్చుని ఉంటే, ఎదురుగా చేపల తొట్టి. ఒక చిన్న పాప అద్దానికి ముక్కు ఆనించి "చేప లేదమ్మా, ఉత్త నీళ్లే" అంది. మోటారు వెనక నల్లటి తోక, దాని మీద రెండు తెల్ల పట్టీలు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. చెప్పాలనుకున్నాను... ఈలోగా నన్ను లోపలికి పిలిచారు.

మా చిన్నప్పుడు ఆళ్లగడ్డలో మా ఇంట్లోనూ అలాంటి చేపే ఉండేది...

నాయనకు పైపుల అంగడి, దాని వెనకే గోడౌన్. సరుకు కోసం నంద్యాలకు పోయినప్పుడు ఒకసారి ఆ చేపను నీళ్ల కవరులో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. అరచేతి పొడవు... నల్లగా, కత్తిలా పలచగా.

తొట్టిని హాల్లో టీవీ పక్కన, ట్యూబ్‌లైటు కింద పెట్టాం. మేత వేసే పని అవ్వ తీసుకుంది. నాయనకు అమ్మ, మా ఇంటికి పెద్ద. పొద్దున పూజ కాగానే ఆవుకు పెట్టి, కాకికి పెట్టి, ఆ తర్వాత చేపకు... నూకల్లాంటి గింజల మేత చిటికెడు వేసి, "తినమ్మా" అని కాసేపు అక్కడే నిలబడేది.

అది తినేది కాదు. మోటారు వెనక ఒక పక్కకు ఒరిగి పడుకునేది.

"చచ్చిందేమో చూడు పాపా" అనేది అవ్వ.

దగ్గరికి పోయి చూస్తే మొప్పలు కదులుతుండేవి.

"ఈ పొద్దు శనివారం కదమ్మా. ఒక్కపొద్దుందేమోలే" అనేవాడు నాయన.

"నీకన్నా నయం. నువ్వు ఒక్కపొద్దని చెప్పి అంగట్లో బజ్జీలు తింటావు."

రోజులు గడిచేకొద్దీ మేత అడుగున కుళ్లి నీళ్లు తెల్లబారాయి. చేప చిక్కిపోయింది. ఇక నాయన కూడా నవ్వడం మానేశాడు. "ఆదివారం తీస్కపోయి ఇచ్చేసొస్తా. ఈడ చస్తే ఆ పాపం మనకే" అన్నాడు.

నాకు అది పోవడం ఇష్టం లేదు. కాన్వెంట్‌లో సిస్టర్లు, ఇంటికొచ్చే చుట్టాలు... అందరూ "మాట్లాడవేంది పాపా" అని అడిగేవాళ్లు. అది అడిగేది కాదు.

ఆ ఆదివారానికి ముందురోజు సాయంత్రం కరెంటు పోయింది. అప్పట్లో అది మామూలే. అమ్మ వంటింట్లో కొవ్వొత్తి వెలిగించింది. ఆ కొద్దిపాటి వెలుగులో తొట్టి వైపు చూస్తే... చేప మోటారు చాటు నుంచి బయటికి వచ్చి ఉంది. పొట్ట కింద రెక్క పావడా కుచ్చిళ్లలా అల్లాడుతోంది. ముందుకు పోతోంది, తిరగకుండానే వెనక్కి వస్తోంది. అడుగున పడిన మేత దగ్గరికి పోయి, మూతి ఆనించి, వదిలేసింది. ఇంకో గింజ దగ్గరికి పోయింది. దాన్నీ వదిలేసింది.

కరెంటు రాగానే మోటారు వెనక్కి దూరిపోయింది.

నాయనకు చెప్పాను. ఆయన వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఆ చేపలాయన ఎండు ఎరల పొట్లం ఇచ్చినాడు పాపా. మీ అవ్వకు భయపడి ఆడ్నే వదిలేసొచ్చినా."

మా ఇంట్లో కోడిగుడ్డు కూడా గడప దాటి రాదు. ఎండబెట్టిన పురుగుల పొట్లం సంగతి ఇక చెప్పేదేముంది...

"ఏం తింటాదంట?" అవ్వ తలుపు దగ్గరే ఉంది.

నాయన నా వైపు చూశాడు. నేనే చెప్పాల్సి వచ్చింది.

"ఎరలు తింటాదంట అవ్వా. మనం వేసేది దానికి తిండి కాదు. పొద్దున రాదు, చీకటి పడితేనే వస్తాది. దానికి ఆకలైతాంది."

నేను అవ్వతో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడడం అదే మొదలు. అవ్వ తొట్టి దగ్గరికి వచ్చి వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"ఎవరి తిండి వాళ్లది. నేనొద్దంటే ఇది పప్పన్నం తింటాదా? కానీ నా గడప లోపల వద్దు. తీస్కపోయి గోడౌన్‌లో పెట్టు."

"ఆడ చీకటి కదమ్మా" అన్నాడు నాయన.

"చీకటైతే నీకేం? నువ్వు పండుకుంటావా ఆడ?"

అవ్వ తన మడి కోసం దాన్ని బయటికి పంపింది. దానికి కావలసింది కూడా ఆ చీకటే.

ఆదివారం నాయన నంద్యాలకు పోయాడు... ఆ పొట్లం కోసం.

గోడౌన్‌లో ఎటు చూసినా పైపులే. నాయన రెండించుల పైపును జానెడు కోసి, అంచులు గీసుకోకుండా గరుకు కాగితంతో రుద్ది, కడిగి తొట్టిలో వేశాడు. చేప కాసేపు చుట్టూ తిరిగి, తోక ముందు పెట్టి వెనక్కి దూరింది. మూతి మాత్రం బయట కనిపించేది.

పొద్దు గూకి, షట్టరు సగం దించాక నేను పోయి ఎరలు నానబెట్టి పైపు దగ్గర వేసేదాన్ని. లైటు వేసేదాన్ని కాదు. మొదట్లో నేను వెళ్లిపోయాకే తినేది. తర్వాత తర్వాత నా వేళ్ల మధ్య నుంచి లాక్కునేది. ఒళ్లు చేసింది. దాని కోసం ఇంకో పైపు, లావుది, కోయాల్సి వచ్చింది.

పైపులకు వచ్చిన రైతులు తొట్టిని చూసి నాయనను ఆట పట్టించేవాళ్లు. "ఏం శెట్టీ, పైపుకు నీళ్లు పోసి పెంచుతాండావా?"

"అవునప్పా, ఇంకో రెండించులు పెరిగినాక నీకే ఇస్తా" అనేవాడు నాయన.

ఇప్పుడు ఆ గోడౌన్ నిండా లైట్లు. కరెంటు అంతగా పోవడం లేదు, పోయినా ఇన్వర్టర్ ఉంది. మంచిదే. కానీ చీకటి పడితేనే బయటికి వచ్చే వాటిని చూసే వీలు మాత్రం తగ్గిపోయింది...

మీ ఇంట్లోనూ పెద్దవాళ్లు ఇష్టం లేకపోయినా గడప బయట చోటిచ్చిన ప్రాణి ఏదైనా ఉండే ఉంటుంది. ఉంటే రాయండి, చదువుతాను.

నేను ఇంటర్‌కు నంద్యాల హాస్టల్లో చేరాక, దానికి ఎరలు వేసింది అవ్వే. వేసి వచ్చి తలకు పోసుకునేదట.