దేవపాలు ముడి

కదిలే వస్తువు కంటబడితే దాన్ని కట్టేయకుండా ఉండలేకపోవడం దేవపాలుకున్న ఒకే ఒక జబ్బు. బీడీ లేదు, చుక్క లేదు, పేకాట అసలే లేదు. భుజాన తాడు మాత్రం ఉండేది. ప్రొద్దుటూరు లారీ స్టాండులో కంప్రెసర్లూ, జనరేటర్లూ, బండలు కోసే మిషన్లూ లారీలెక్కితే, వాటిని కదలకుండా కట్టడం ఆయన పని. పని వరకే కడితే ఎవరికేం నొప్పి? ఇంట్లో నీళ్ళబిందెను కిటికీ చువ్వకు కట్టేవాడు. భార్య సుందరమ్మ దాహమేసినప్పుడల్లా ఆయన్ను కేకేయాల్సి వచ్చేది. ఒక ఆదివారం చర్చిలో పాస్టరుగారు ప్రసంగించే బల్లను స్తంభానికి కట్టేశాడు.

"దేవపాలూ, ఇది యాడికి పోతాది నాయనా?" అని పాస్టరుగారు బతిమాలుకున్నారు.

"పోదని మీరెట్ల చెప్తారయ్యగారూ? నాలుగు కాళ్ళుండాయి కదా!"

కట్టడం అయ్యాక ఇంకో తంతు. మిషన్ను భుజంతో ఒక్క తోపు తోసి, "కదుల్తావా?" అని అడిగేవాడు. అది బదులు చెబుతుందా పెడుతుందా! కాసేపు చూసి ఆయనే, "కదలవు. అట్లుండు" అని దాన్ని తట్టి దిగేవాడు.

ఆ ముడులను ఆయన తప్ప ఇంకొకరు విప్పిన దాఖలా లేదు. బిగించిన ముడి మీద చెంబుడు నీళ్ళు చల్లేవాడు. నారతాడు నీళ్ళు తాగిందంటే ముడి రాయే. మేనల్లుడు కృపావరం పెండ్లిలో కట్నంగా వచ్చిన బీరువాను ట్రాక్టరు మీద కట్టి, దేవపాలు పులివెందులలో ఇంకో లోడు కట్టడానికి బస్సెక్కాడు. పెండ్లికొడుకు బట్టలన్నీ బీరువాలోనే. కోద్దామంటే అందరికీ భయం, తాడు కోసినవాడి లోడు దేవపాలు జన్మలో ముట్టుకోడు. ఆయన తిరిగొచ్చేదాకా కృపావరం ఎండాకాలంలో అదే కోటు, అదే టై వేసుకుని అత్తగారి ఊరు చాపాడులో తిరిగాడు. జనం నమస్కారాలు పెట్టారు, ఎవరో ఆఫీసరనుకుని.

ఈ జబ్బును అందరికంటే ఎక్కువ అనుభవించినవాడు జియావుల్లా, తిమ్మారెడ్డి లారీకి డ్రైవరు. లోడెక్కి, డీజిలు పోసుకుని, హారన్ కొడుతుంటే కూడా దేవపాలు దిగడు.

"మామా, జమ్మలమడుగు పోయి మాపటికి తిరిగి రావాల నేను. దానికేమన్నా జడ ఏస్తాండావా? యిడ్సు!"

"రేయ్ జియా, నువ్వు బ్రేకు కొడితే లారీ నిలబడతాది. ఎనకాలుండే మిషను ఎందుకు నిలబడాల? నేరుగా నీ మీదికొస్తాది. ముందు నీ ఈపు, ఆనెంక నీ టైము."

అందుకే ఎప్పుడు కట్టినా డ్రైవరు సీటు వెనక నుంచే మొదలుపెట్టేవాడు. కేబినుకూ మిషనుకూ మధ్య దుంగలు బిగించి, మొదటి చుట్టు అక్కడే వేసేవాడు. స్టాండులో కుర్రడ్రైవర్లు ఆయన పేరే మార్చేశారు, ఈపు మామ అని. జియావుల్లా కూడా ఆ పేరు పెట్టి బాగా నవ్వినవాడే.

ఆ ఏడు ఎలక్షన్లు వచ్చాయి. ఊరికి రెండు జెండాలు, జెండాకొక వర్గం. టీకొట్లో కూర్చోవాలన్నా ఏ బెంచీ ఏ పార్టీదో చూసుకోవలసిన రోజులు. ఒక వర్గానికి పెద్ద తిమ్మారెడ్డే. ఒక మధ్యాహ్నం ఆయన జీపు స్టాండులో ఆగింది. వెనకే ఆయన మనుషులు ఒక ఇనప ట్రంకుపెట్టెను బిడ్డను మోసినట్టు మెల్లగా మోసుకొచ్చారు. పెద్దముడియం అవతల ఒక పల్లెలో వాళ్ళ గోడరాతలు ఎవరో చెరిపేశారట. ఆ లెక్క తేల్చడానికి మనుషులు పోవాలి. దారిలో పోలీసులు ఆపితే బోరు వేయడానికి పోతున్నామని చెప్పాలి. అందుకని లారీ మీద కంప్రెసరు, దాని చాటున పెట్టె, పైన మనుషులు.

జియావుల్లా ఇంట్లో భార్య జైనబ్‌కు నెలలు నిండాయి. పోనంటే పనీ పోతుంది, తిమ్మారెడ్డి ఉండడానికిచ్చిన కొట్టమూ పోతుంది. పోతే మొదటి రాయి పడేది డ్రైవరు అద్దం మీద, మొదటి కేసు పడేది డ్రైవరు మీద. ఏ దారీ కనబడక దేవపాలు వైపు చూశాడు. దేవపాలు మాత్రం పెట్టె వైపు చూస్తున్నాడు.

"ఇందులో ఏముందన్నా?"

"ప్రచారం కాయితాలు" అన్నాడు మనుషులకు పెద్దయిన నారాయణ.

"కాయితాలకు ఇంత భయమెందుకప్పా, అందరూ దూరం జరిగినారు?"

తిమ్మారెడ్డి విసుక్కున్నాడు. "పాలూ, నీకెందుకు? కదలకుండా కట్టు. కుదుపుకు కదిలిందా, లారీలో ఒక్కడు మిగలడు."

"ఎంత గెట్టిగా కట్టాలన్నా?"

"నీకు చేతనైనంత గెట్టిగా! రవ్వంత కదిలిందని తెలిస్తే నీ తోలు తీస్తా."

"అందరూ విన్నారు కదా" అన్నాడు దేవపాలు.

ఇక చూడాలి ఆయన సంబరం! పెట్టె మీదుగా చుట్టు, కంప్రెసరు కిందుగా చుట్టు, మళ్ళీ పెట్టె మూత మీద అడ్డంగా, నిలువుగా, ఐమూలగా. లారీ టూల్ బాక్సును కూడా వదల్లేదు. ముడి మీద ముడి వేసి బకెట్టుతో నీళ్ళు గుమ్మరించాడు. తరవాత భుజంతో తోసి, "కదుల్తావా?" అన్నాడు. చుట్టూ మనుషులు గుండెలు పట్టుకున్నారు. "కదలవు. అట్లుండు."

చివరికి కేబిన్లోకి ఎక్కి, సీటు వెనక ఏదో సర్ది, జియావుల్లా వీపు మీద చెయ్యి వేశాడు. "నిమ్మళంగా పో. నీ ఈపు నేను చూసుకున్యా."

జియావుల్లాకు ఒళ్ళు మండింది. నా ప్రాణం పోతాంటే ఈయనకు తాడు పండగా అనుకుని గేరు వేశాడు.

దారిలో పోలీసులు కంప్రెసరును చూసి వదిలేశారు. పల్లె మొదట్లో లారీ ఆగింది. అవతలి వర్గం కట్టెలూ రాళ్ళూ పట్టుకుని అప్పటికే దారికడ్డంగా నిలబడి ఉంది. జియావుల్లా స్టీరింగు మీదికి వంగి అల్లాను తలుచుకున్నాడు.

"తీయండ్రా!" అని అరిచాడు నారాయణ.

తీయాలంటే ముడి రావాలి కదా. ఒకడు గోళ్ళతో పీకాడు, ఇంకొకడు పళ్ళతో కొరికాడు. ముడి నీళ్ళు తాగి హాయిగా కూర్చుంది.

"కోసేయండ్రా!"

"కొడవండ్లు పెట్టెలో ఉండాయి కదన్నా."

"పెట్టె పగలగొట్టు!"

"బాంబులు గూడా దాంట్లోనే ఉండాయన్నా. నువ్వు కొడతావా?"

నారాయణ కొట్టలేదు. టూల్ బాక్సులో ఉలి ఉందని ఎవడికో గుర్తొచ్చింది. టూల్ బాక్సు మీద ఇంకా పెద్ద ముడి కనిపించింది. అందరూ కలిసి తాడు పట్టుకుని లాగారు, ఒకడు కంప్రెసరు మీంచి జారి కింద పడ్డాడు. అవతలివాళ్ళు చేతుల్లో రాళ్ళున్న సంగతే మరిచిపోయి చూస్తున్నారు. వాళ్ళ నాయకుడి మేనత్త గురమ్మ గంప దించి ముందుకొచ్చింది.

"ఏందిరా, కొట్లాటకొచ్చినారా, మూట ఇప్పేదానికొచ్చినారా?"

పైనుంచి ఒక అమాయకుడు, "అవ్వా, ఒక కొడవలుంటే ఇయ్యవా? ఇప్పుడే మళ్ళిస్తాం" అన్నాడు.

"ఓరి నీ అమ్మకడుపు సల్లగుండ! మమ్మల్ని నరికేదానికి కొడవలి గూడా మేమే ఇయ్యాల్నారా?"

అంతే, అవతలివాళ్ళు పొట్టలు పట్టుకున్నారు. ఒకడు నవ్వలేక రాయి కింద పెట్టి దాని మీదే కూర్చున్నాడు. అంత నవ్విన మనిషి మళ్ళీ రాయెత్తడం కష్టం. లారీలో ఉన్నవాళ్ళకు కూడా నవ్వొచ్చింది, నారాయణను చూసి మింగుకున్నారు. గురమ్మ నారాయణను దిగమని మజ్జిగ ఇచ్చింది. గోడ మళ్ళీ రాసుకోండి, సున్నం మేమే ఇస్తాం, మా గోడ జోలికి మాత్రం రావద్దు, అని ఒప్పందమైంది. జియావుల్లా కూనిరాగం తీస్తూ లారీ తిప్పాడు.

స్టాండులో తిమ్మారెడ్డి నిప్పులు కక్కుతున్నాడు. "ఏం పాలూ, ఏం చేసినావో తెలుసునా?"

"మీరు చెప్పిందే చేసినానన్నా. కదిలిందా?"

తిమ్మారెడ్డి మందలిద్దామంటే కథంతా ఊరికి మళ్ళీ చెప్పుకోవాలి. "ఆ పెట్టె ఇప్పి పాడుబావిలో పారేయండి. దాన్ని చూస్తే ఒళ్ళు మండుతాంది" అని జీపెక్కాడు. మనుషులు టీకి పోయారు.

దేవపాలు లారీ మీదికి ఎక్కలేదు. కేబిన్లోకి వచ్చి, డ్రైవరు సీటు వెనక చెయ్యి పెట్టి, కేబిను సందులోంచి లోపలికి తెచ్చిన చిన్న పొడి కొసను ఒక్కటి లాగాడు. వెనక తాళ్ళన్నీ జరజరా వదులైపోయాయి.

జియావుల్లా బిత్తరపోయాడు. "మామా! అది నా ఈపెనకాలే ఉండిందా? నాతో ఒక్క మాట చెప్పకూడదా?"

"చెప్పింటే వాళ్ళు నిన్ను తన్ని అడుగుతారు, నువ్వు చెప్తావు. తెలీనోన్ని అడిగితే ఏమొస్తాది?" దేవపాలు తాడు చుట్టుకుంటూ అన్నాడు. "ఊరికే చూసుకున్యా అన్నాననుకుంటివా నీ ఈపు?"

జియావుల్లా ఆయన్ను గట్టిగా వాటేసుకుని ఏడ్చేశాడు. "యిడ్సురా, తాడు చిక్కుపడతాది" అని దేవపాలు విదిలించుకున్నాడు. ఈపు మామ అన్న పేరు ఆ తరవాత కూడా నడిచింది గానీ, జియావుల్లా ముందు ఆ పేరుతో నవ్విన కుర్రాడు దెబ్బలు తిన్నాడు.

జైనబ్‌కు ఆడపిల్ల పుట్టింది. పిలవకుండానే దేవపాలు కొత్త తాడు తీసుకుని వచ్చి, దూలానికి ఉయ్యాల కట్టాడు. ముడి మీద నీళ్ళు కూడా చల్లాడు. పిల్లను పడుకోబెట్టాక, అలవాటు చొప్పున, మెల్లగా భుజంతో ఒక తోపు తోశాడు.

"కదుల్తావా?"

ఉయ్యాల కదిలింది. పాప కళ్ళు తెరిచి చూసింది. జైనబ్ నవ్వొచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దేవపాలు కాసేపు ఆ కదలడాన్ని చూసి, ఏం చేయాలో తోచక బుర్ర గోక్కుని, మళ్ళీ ఇంకొక తోపు తోశాడు.

"కదులు తల్లీ. అట్లుండు."