జూమ్ మీట మీద ప్లాస్టర్

కాశీబుగ్గలో స్టూడియో నడిపే మా ఫొటో మాస్టారు పోయారని మొన్న ఉదయం నాతో పాటు నేర్చుకున్న స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. చెప్పి ఏడ్చింది. తర్వాత ఎవరు మొదలుపెట్టామో గుర్తులేదు, ఆయన మాటలు తలుచుకుని ఇద్దరం నవ్వాం. ఇది రాస్తుంటే ఇప్పుడూ నవ్వే వస్తోంది.

వేసవి సెలవుల్లో ఆయన పిల్లలకు ఫొటోలు తియ్యడం, వాటిని కంప్యూటర్‌లో దిద్దడం నేర్పేవారు. పెళ్లి ముహూర్తం ఉన్న రోజు క్లాసు ఉండేది కాదు. లెన్సు తుడిచే మెత్తటి గుడ్డతోనే తన కళ్లజోడూ తుడుచుకునేవారు.

ఇంటర్ అయిన వేసవిలో నేను చేరాను. కాన్వెంటులో తల దించుకుని నడిచిన అలవాటు నాది. మనుషుల్ని తియ్యాలంటే దూరంగా నిలబడి జూమ్ లాగేదాన్ని. ఆయన నా ఫొటోలు చూసి, సొరుగులోంచి గాయాలకు వేసే ప్లాస్టర్ తీసి, జూమ్ మీట మీద అంటించేశారు.

“జూమ్ నీ కాళ్లలో ఉందమ్మా. నడు.”

మర్నాడు క్లాసంతా అక్కుపల్లి సముద్ర తీరానికి వెళ్లాలి. ఒక్క మొహమైనా దగ్గరగా తియ్యలేకపోతే ఇక మానేస్తానని అమ్మకు చెప్పే బయలుదేరాను.

అక్కడ ఒకావిడ ఇసుక మీద ఎండుచేపలు తిరగేస్తోంది. నేను తచ్చాడుతుంటే తనే పిలిచింది.

“ఏటే గుంటా, అలగ తిరుగుతన్నావు? ఫొటోకేనా? తియ్యి.”

కొంగు సర్దుకుని, ఆధార్ కార్డుకి కూర్చున్నట్టు బిగుసుకుపోయింది. నేను కెమెరా కంటికి ఆనించుకుని అలాగే ఉండిపోయాను. వెనకనుంచి మాస్టారు మెల్లగా, “కెమెరా దించు. ఏదో ఒకటి అడుగు” అన్నారు.

“ఇవేం చేపలండీ?”

“కవళ్లు. కవళ్లు తెలీదేటి? మీ ఇంట్లో ఏటి తింతారు?”

“పప్పు అండీ.”

“రోజూనా?”

“రోజూ.”

“ఓలమ్మ, పాపం” అని ఆమె నవ్వడం మొదలుపెట్టింది. పక్కవాళ్లకు కూడా చెప్పి నవ్వింది. నేనూ నవ్వుతూనే కెమెరా ఎత్తి, చెయ్యి చాస్తే అందేంత దగ్గర నుంచి తీశాను. మానేసే మాట మళ్లీ ఎత్తలేదు. ఇవాళ కొత్తవాళ్లతో నోరు విప్పుతున్నానంటే అది ఆ రోజు చలవే.

స్టూడియోకి వచ్చాక ఆమె మొహంలో ముడతలు శ్రద్ధగా తుడిచేసి, ఒంటి రంగు తెల్లగా చేశాను. మా ఇళ్లలో పెళ్లి ఆల్బమ్‌లన్నీ అలాగే ఉంటాయి. మాస్టారు తల పట్టుకున్నారు.

“నవ్వు ఆ ముడతల్లోనే కదమ్మా ఉంది. దాన్నీ తుడిసేసినావు.”

“పెళ్లికూతుళ్లకి మీరూ తుడుస్తారు కదా సార్?”

“అది నా బువ్వ. ఇది నీ బొమ్మ” అని ఆయనా నవ్వేశారు. ముడతలన్నీ వెనక్కి తెచ్చాను.

చివరి రోజు అక్కుపల్లి జీడితోటలో తాడు కట్టి, బట్టల క్లిప్పులతో ఫొటోలు వేలాడదీశాం. ఫొటోలో ఉన్నవాళ్లు తమ బొమ్మ చూసి సరేనంటేనే అది తాడు మీద ఉండాలని మాస్టారి నియమం. చేపల ఆవిడ గంప నెత్తిన పెట్టుకునే వచ్చింది. చాలాసేపు చూసింది.

“ఇది ఇక్కడ ఒద్దు” అంది.

ఫొటో దించేద్దామని నేను చెయ్యి చాచాను.

“మా ఇంట్లో ఉంతాది.”

తనే క్లిప్పు తీసి, ఫొటోను గంపకు వెనకవైపు దోపుకుని, ఊరి దారి పట్టింది. ఆమె వెళ్లిపోతోంది. ఆమె మొహం మాత్రం మా వైపే తిరిగి నవ్వుతోంది. అది జీడిచెట్ల మధ్య కనబడకుండా పోయేదాకా మాస్టారు దానికి చెయ్యి ఊపుతూ నిలబడ్డారు.